సూదికి తగిన చెయ్యి: తార్నాక బెంచీ మీద తొమ్మిదేళ్లు

ముప్పై నాలుగేళ్లకే రిటైరయ్యానని చెబితే అందరూ నవ్వుతున్నారు. పెన్షన్ లేదు, శాలువా లేదు, మోకాళ్ల నొప్పులైనా లేవు. కానీ ఒక పని తొమ్మిదేళ్లు చేసి, ఇక చేయబోనని తెలిసి, స్క్రూడ్రైవర్లు వరుసగా తుడిచి పెట్టి, తాళంచెవి ఇంకొకరి చేతికిచ్చినవాణ్ని వేరే ఏ మాటతో పిలవాలో నాకు తెలియదు. వచ్చే నెలలో కొలత పరికరాలు తయారుచేసే ఒక కంపెనీలో చేరుతున్నాను. నా బెంచీ దగ్గరికి ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. ఇద్దరూ ఇంజినీరింగ్ చదివారు. ఇద్దరికీ నాకున్న జబ్బే ఉంది: దేన్ని చూసినా పట్టిక గీస్తారు. అందుకే ఇది రాస్తున్నాను.

మా షాపు తార్నాకలో ఒక టిఫిన్ సెంటర్ పైన, మొదటి అంతస్తులో ఉంటుంది. రికార్డులు తిప్పే పాత టర్న్‌టేబుళ్లు బాగుచేస్తాం, కొత్తవి అమరుస్తాం, రికార్డుల్లోని పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాం. కింద గ్రైండర్ తిరుగుతున్నంతసేపు మా నేల సన్నగా వణుకుతుంది. కాబట్టి మొదటి నియమం రాసుకోండి: ఇడ్లీ పిండి రుబ్బేటప్పుడు రికార్డు మీద సూది దించకూడదు. ఇది ఏ మాన్యువల్‌లోనూ దొరకదు.

అసలు పని ఏమిటి

రికార్డు గాడిలో నడిచేది సూది. ఆ సూదిని పట్టుకుని, దాని కదలికను కరెంటుగా మార్చే బొటనవేలి కొనంత డబ్బా కార్ట్రిడ్జ్. ఆ డబ్బాను మోసే పొడవాటి కడ్డీని కేటలాగుల్లో ఆర్మ్ అంటారు, మా షాపులో చెయ్యి అంటాం. మంచి కార్ట్రిడ్జ్ కొనడం పెద్ద విద్య కాదు. దాన్ని ముందు చేతితో, వెనక ఆంప్లిఫైయర్‌తో కుదర్చడమే మా పని. తొంభై శాతం ఫిర్యాదులు ఈ రెండు చోట్ల నుంచే వస్తాయని చెప్పాలనిపిస్తోంది కానీ, నేను లెక్కపెట్టలేదు కాబట్టి చెప్పను.

సూది ఒక చిన్న రబ్బరు ముక్క మీద వేలాడుతుంది. ఆ రబ్బరు ఒక స్ప్రింగు. చెయ్యి దాని మీద బరువు. షేర్ ఆటోలో ఎప్పుడైనా కూర్చున్నారా? ఒక్కరే ఎక్కితే ప్రతి గుంతకూ తల పైకప్పుకు తగులుతుంది. ఎనిమిది మంది ఎక్కితే బండి పడవలా ఊగుతూ పోతుంది. నలుగురైతే ఒళ్లు పులిసిపోకుండా ఇల్లు చేరతాం. సూదీ చెయ్యీ కలిసి సెకనుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్ల మధ్య ఊగేట్టు ఉంటే నలుగురెక్కిన ఆటో అన్నమాట. అంతకు తగ్గితే వంకర రికార్డు ఆ చేతిని ఊపేస్తుంది. అంతకు మించితే పాటలోని కింది స్వరాలు ఊపేస్తాయి. ఈ లెక్కకు ఒక సూత్రం ఉంది. ఇంటర్ చదివినవాళ్లెవరైనా చేయగలరు. అదే ప్రమాదం.

రాజయ్య సార్

షాపు రాజయ్య సార్‌ది. ఆయన యూనివర్సిటీ ఫిజిక్స్ వర్క్‌షాపులో టెక్నీషియన్‌గా పనిచేసి బయటికొచ్చాక దీన్ని పెట్టారు. ఎవరు లోపలికొచ్చినా మూడు ప్రశ్నలు: చెయ్యి ఏది, ఆంప్ ఏది, వినే రికార్డులు ఏవి. నాలుగోదిగా కస్టమర్ తనంతట తాను కార్ట్రిడ్జ్ ధర చెప్పబోతే ఆపేసేవారు.

"ధర సంగతి సూదికి ఎర్కలేదు సార్. చెప్పి దాన్ని పరేషాన్ చెయ్యకుండ్రి."

ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. వినడానికి ముందు కార్ట్రిడ్జ్ మీద పేరు కనబడకుండా చిన్న కాగితపు టేపు అంటించేవారు. కస్టమర్ ఎదురుగానే. చాలామందికి అది అవమానంగా తోచేది. ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లిపోయారు కూడా. నేను మాత్రం మీకు గట్టిగా చెబుతున్నాను, ఆ టేపు మానకండి. పేరు కనబడితే చెవి పనిచేయదు, నా చెవితో సహా.

ఆయనలో లోపాలు లేవని కాదు. ఒక్క ముక్క కాగితం మీద పెట్టేవారు కాదు. ఎవరి ప్లేయర్ చేతికి ఎంత తూకం పెట్టామన్నది అంతా తలలోనే. నేను చేరిన మొదటి నెలలోనే ఇలాంటి రెండు కొలతలు పోగొట్టుకుని మళ్లీ మొదటి నుంచి చేశాం. పైగా కస్టమర్ల ముందే తిట్టేవారు. కార్డుల పెట్టె ఒకటి పెట్టి అన్నీ రాయడం మొదలుపెట్టింది నేనే. దాన్ని చూసి ఆయన, "నరేషూ, నువ్వు చచ్చినంక గూడ నీ కార్డు నువ్వే రాసుకుంటవు గదా" అన్నారు. అది మెచ్చుకోలని నాకు అర్థమవడానికి ఆరు నెలలు పట్టింది.

ప్రొఫెసర్ గారి జపాన్ సూది

క్యాంపస్ క్వార్టర్స్‌లో ఉండే ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ గారికి బంధువెవరో జపాన్ నుంచి ఒక కార్ట్రిడ్జ్ తెచ్చి ఇచ్చారు. చాలా పై స్థాయిది. ఆయనే ఇంట్లో బిగించుకున్నారు. రెండో రోజే ఫోన్ చేశారు: "పాట దోమ గొంతుతో వస్తోందయ్యా, వెనకాల మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ మోగుతోంది."

నేనూ సారూ క్వార్టర్స్‌కు వెళ్లాం. వాల్యూమ్ మొత్తం తిప్పితే పాట వినబడింది. దానికన్నా గట్టిగా గుయ్యిమనే హమ్ వినబడింది. హాల్లో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న ఆయన భార్య తలెత్తకుండానే అన్నారు: "ఈ ఇంట్లో ఫ్రిజ్ ఒకటే మోగేది. ఇప్పుడు రెండయ్యాయి."

విషయం చిన్నదే. ఆ రకం కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే కరెంటు మామూలు వాటిలో పదో వంతు కూడా ఉండదు. దాన్ని పెంచి పంపే చిన్న డబ్బా ఒకటి మధ్యలో ఉండాలి. ప్రొఫెసర్ గారి దగ్గర అది లేదు.

"అయితే నా ఆంప్ మంచిది కాదంటారా?" ప్రొఫెసర్ గారి ముఖం ఎర్రబడింది.

"మంచిదే సార్. గుసగుస మాట్లాడేటోన్ని తెచ్చి గోడ అవతల కూసోబెట్టిన్రు. గంతే" అన్నారు రాజయ్య సార్.

ఆ డబ్బా తెప్పించేదాకా కార్ట్రిడ్జ్‌ను మా షాపులోనే ఉంచమన్నారు ప్రొఫెసర్ గారు. మా బెంచీకి అలాంటి డబ్బా ఉంది కాబట్టి, "మంచి రికార్డు ఏదైనా వస్తే దీనితోనే వినండి, ఖాళీగా ఉంచకండి" అని కూడా అన్నారు. ఆ మాటే నన్ను ముంచింది.

నా తప్పు

రూతమ్మ టీచర్ గారు తార్నాకలోనే ఒక ఫ్లాట్‌లో ఉంటారు. సొంత ఊరు తెనాలి దగ్గర. ఒక బుధవారం ఆమె తువ్వాలులో చుట్టిన రికార్డు ఒకటి తెచ్చారు. వాళ్ల నాన్నగారు ఊరి చర్చిలో పాటలు కట్టి పాడించేవారట. ఎప్పుడో సంఘం వాళ్లు చందాలు వేసుకుని ఆయన గొంతుతోనే ఆ పాటల రికార్డు కొద్ది కాపీలు చేయించారు. మిగిలింది ఈ ఒక్కటి. అది అప్పడంలా వంగి ఉంది.

ఆమె సమస్య ఇదీ. వాళ్ల నాన్నగారి పాట ఒకటి తార్నాక చర్చిలో ఇప్పటికీ పాడతారు. మూడో లైను చివరి మాటను గాయక బృందం పై స్వరానికి తీస్తుంది. ఆమె అది తప్పంటారు. వచ్చే ఆదివారం చర్చి వార్షికోత్సవం, ఆ పాటను వీడియో తీసి పెడతారు.

"ఒకసారి యూట్యూబ్‌లో పడిందంటే ఇక అదే నిజం బాబూ. రేపు మా ఊళ్లో పిల్లలు కూడా దాన్ని చూసే నేర్చుకుంటారు. మా నాన్న అక్కడ దిగారు. దిగాలి. వీళ్లు ఎక్కుతున్నారు."

"మీరు చెబితే వినరా టీచర్?"

"విన్నాడు. బృందం నడిపే ప్రవీణ్ అని ఉన్నాడులే, నా దగ్గర ఐదో తరగతి చదివాడు. 'ఆధారం తెండి టీచర్, శుక్రవారం ప్రాక్టీసుకల్లా తెస్తే అలాగే పాడతాం' అన్నాడు. లెక్కల్లో మొద్దు, దీంట్లో మాత్రం ఆధారం కావాలంట!"

ఆమె ఇంట్లో రికార్డు ప్లేయర్ లేక నలభై ఏళ్లయింది. ఈ నలభై ఏళ్లలో ఆ పాట రికార్డు మీద ఆమె వినలేదు.

రాజయ్య సార్ జనగామలో పెళ్లికి వెళ్లారు, శుక్రవారం పొద్దున వస్తారు. శుక్రవారం దాకా ఆగి ఉండవచ్చు. ఆగలేదు. ఒక్కటే కాపీ కదా, దానికి మా దగ్గరున్న అతి మంచి సూదే పెట్టాలనుకున్నాను. ప్రొఫెసర్ గారి జపాన్ సూది.

పట్టిక తెరిచాను. చెయ్యి బరువు, కార్ట్రిడ్జ్ బరువు, స్క్రూల బరువు, రబ్బరు మెత్తదనం. కార్ట్రిడ్జ్‌తో వచ్చిన కాగితం మీద మెత్తదనం అంకె ఎనిమిది అని ఉంది. సూత్రంలో వేస్తే సెకనుకు పద్నాలుగు ఊపులు వచ్చాయి. ఎక్కువ. బరువు పెంచితే తగ్గుతుంది. పదిహేను గ్రాముల ఇత్తడి ముక్క ఒకటి కోసి, నున్నగా అరగదీసి, కార్ట్రిడ్జ్ మీద బిగించాను. వెనక తూకం కూడా సరిచేశాను. లెక్క సరిగ్గా పదికి వచ్చింది. చదునుగా ఉన్న టెస్టు రికార్డు వేసి విన్నాను. అంత బాగా మా షాపులో అంతకుముందు ఏదీ మోగలేదు. ఆ అంకె కింద ఎరుపు గీత గీసుకున్న సంగతి కూడా దాచను.

గురువారం మూడింటికి, కింద గ్రైండర్ ఆగాక, టీచర్ గారిని రమ్మన్నాను. ఆమె కుర్చీ బెంచీ పక్కకు జరుపుకుని కూర్చున్నారు. సూది దించాను. హార్మోనియం మోగింది. ఆ వెనకే ఒక మగ గొంతు, ముక్కుతో కొంచెం, ధీమాగా.

"నాన్న" అన్నారామె.

మొదటి లైను అయింది. స్పీకరు అట్ట లోపలికీ బయటికీ ఊగడం మొదలుపెట్టింది. పాటకు అంత ఊపు అక్కర్లేదు. చూస్తే చెయ్యి కూడా ఊగుతోంది, రికార్డు వంపు వచ్చినప్పుడల్లా ఇంకాస్త ఎక్కువగా. రెండో లైను అయింది. లేపుదామని చెయ్యి చాచాను. మూడో లైను మధ్యలో సూది ఎగిరి, అడ్డంగా గీరుకుంటూ పక్క గాడుల్లో పడింది. ఆ చప్పుడు ఎలా ఉంటుందో రాయలేను. మీరు వినే అవసరం రాకూడదు.

"ఏమైంది బాబూ?"

"గీత పడింది టీచర్. తప్పు నాది. రికార్డుది కాదు."

ఆమె కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "మూడో లైనేనా?"

"అవును."

"సరిగ్గా అక్కడే" అన్నారు. తిట్టలేదు. తువ్వాలు మడతపెట్టి బెంచీ మీదే వదిలేసి వెళ్లారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ కాగితం ఇంకోసారి

శుక్రవారం పొద్దున సార్ రాగానే జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన చెప్పులు కూడా విప్పకుండా అంతా విన్నారు.

"కాయితం ఏది?"

ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, భూతద్దం పెట్టి చూసి, నా చేతికే తిరిగిచ్చారు.

"ఎనిమిది అని ఉన్నది. నిజమే. గా పక్కన ఏమున్నదో సదువు."

చాలా చిన్న అక్షరాల్లో ఉంది. ఆ అంకెను సెకనుకు వంద ఊపుల దగ్గర కొలిచారని. మా సూత్రానికి కావలసింది పది ఊపుల దగ్గరి అంకె. రబ్బరు నెమ్మదిగా కదిలిస్తే మెత్తగా ఉంటుంది, వేగంగా కదిలిస్తే బిగుసుకుంటుంది. జపాన్ వాళ్లు చాలామంది వంద దగ్గర కొలుస్తారు, మిగతావాళ్లు పది దగ్గర. అంటే నాకు కావలసిన మెత్తదనం అంకె ఎనిమిది కాదు, సుమారు పద్నాలుగు. అక్కడే నిలబడి మళ్లీ లెక్క వేశాను. ఇత్తడి ముక్క పెట్టాక ఊపులు పది కాదు, ఏడున్నర. ఇత్తడి లేకుండా పదిన్నర.

"అంటే సార్... ఏం పెట్టకుండా ఉన్నదున్నట్టు బిగిస్తే..."

"మంచిగ కుదిరేది. దానికి గా చెయ్యి ముందుగాల్నే తగినదే. నువ్వే పెండ్లి పెద్దవై నడుమ దూరినవ్."

తర్వాత తిట్లు మొదలయ్యాయి. అవి మొత్తం రాయను. అందులో పనికొచ్చేది ఒక్కటి: బెంచీ కింద సార్ ఒక అట్టపెట్టెలో పనికిమాలిన వంకర రికార్డులు దాచేవారు. ఏ సూది బిగించినా మొదట ఆ పెట్టెలోంచి అన్నిటికన్నా వంకరదాన్ని తీసి దాని మీద నడిపించేవారు. నేను దాన్ని చెత్త అనుకుని, చదునైన టెస్టు రికార్డుతో సరిపెట్టుకున్నాను. పరీక్ష ఎప్పుడూ రాబోయే కష్టంతో పెట్టాలి, మనకు నచ్చే రికార్డుతో కాదు. నా కార్డుల పెట్టెలో ఇప్పుడు రెండు గళ్లు అదనంగా ఉన్నాయి: "అంకె ఎక్కడ కొలిచింది?", "వంకరది నడిచిందా?" ఆ రెండూ నింపకుండా సూది దించకండి.

ఇత్తడి ముక్క తీసేశాను. పెట్టెలోంచి మూడు వంకర రికార్డులు నడిపించాం. చెయ్యి వంపులెక్కి దిగింది, ఊగలేదు. మధ్యాహ్నం టీచర్ గారికి ఫోన్ చేశాను. ఇంకోసారి వస్తారా అని అడిగేలోపే ఆమే అన్నారు: "మూడింటికేనా? మీ కింది గ్రైండరు సంగతి నాకు తెలుసులే."

మూడో లైను

సార్ పక్కకు నిలబడ్డారు. "నువ్వే దించు. నీ భయం నీ చేత్తోనే పోవాలె."

దించాను. హార్మోనియం. గొంతు. మొదటి లైను, రెండో లైను. మూడో లైను మొదలయ్యాక టక్కుమని ఒక చప్పుడు. రికార్డు ఒక చుట్టు తిరిగాక ఇంకొకటి. మళ్లీ ఒకటి. సూది మాత్రం గాడి వదల్లేదు. ఆ టక్కుల మధ్య ఆ చివరి మాట స్పష్టంగా వినబడింది.

ఆయన పైకి తీశారు. ప్రవీణ్ బృందం తీసినట్టే.

రెండో చరణం తర్వాత ఆ లైను మళ్లీ వచ్చింది. అక్కడ గీత కూడా లేదు. మళ్లీ పైకే.

నాకు ఆమె ముఖం చూసే ధైర్యం లేదు. ఆమె రికార్డు పాడుచేసినవాణ్ని నేను, ఇప్పుడు ఆమె మాట కూడా పోయేట్టుంది. నోటికొచ్చింది అనేశాను: "టీచర్, అక్కడ గీత ఉంది కదా... గీత వల్ల ఒక్కోసారి స్వరం పైకి వెళ్లినట్టు వినబడుతుంది. దీన్ని బట్టి ఖాయంగా చెప్పలేం."

రాజయ్య సార్ నా వైపు చూశారు.

రూతమ్మ గారు మాత్రం, ఐదో తరగతి పిల్లవాణ్ని చూసినట్టు చూశారు. "గీత టక్కుమంటుంది నాయనా. పాడదు కదా."

ఫోన్ తీసి అక్కడే ప్రవీణ్‌కు చేశారు. స్పీకర్‌లో అతని గొంతు మాకూ వినబడింది.

"చెప్పండి టీచర్, దొరికిందా?"

"దొరికింది. నువ్వే కరెక్టు. ఎక్కించే పాడండి."

"టీచర్... నిజంగానా? మీకోసం దిగి పాడమన్నా పాడతాం. ఏం కాదు."

"ఆధారం అడిగింది నువ్వే కదరా? ఇప్పుడు ఆధారం వద్దంటావేం?" అని పెట్టేశారు. తర్వాత మాతో, తనలో తాను అనుకుంటున్నట్టుగా అన్నారు: "మరి నాకు దిగడం ఎవరు నేర్పారు?"

టీ తెప్పించాం. తాగుతూ తాగుతూ సగంలో ఆగిపోయారు.

"అమ్మ. అమ్మ వంటింట్లో పాడేది. ఆమెకు పై స్వరం అందేది కాదు. దిగేది. నాన్న చర్చిలో ఎక్కేవారు, అమ్మ పొయ్యి దగ్గర దిగేది. నాకు చిన్నప్పటి నుంచీ ఎక్కువ వినబడింది పొయ్యి దగ్గరదే."

సార్ గ్లాసు కింద పెట్టి, "అయితే ఇద్దరిదీ పాటనే గదమ్మా" అన్నారు.

ఆదివారం

ఆదివారం నన్ను చర్చికి రమ్మన్నారు. వీడియో వాళ్లకు ఆడియో మనిషి కావాలన్నది ప్రవీణ్ సాకు. రెండు మైకులు బృందం ముందు, ఒకటి సభ వైపు పెట్టి, వెనక మూలన హెడ్‌ఫోన్స్‌తో కూర్చున్నాను. టీచర్ గారు మూడో వరుసలో ఉన్నారు. పాట మొదలైంది. సభ మొత్తం కలిసింది. మూడో లైను చివర ఇరవై మంది బృందం, ఆ వెనక రెండు వందల మంది పైకి వెళ్లారు.

ఒక్క గొంతు దిగింది. సన్నగా, తడబాటు లేకుండా, మూడో వరుసలోంచి. సభ వైపు పెట్టిన మైకు దాన్ని శుభ్రంగా పట్టుకుంది. చెప్పకపోతే ఎవరూ తప్పనుకోరు. పైన పోతున్న స్వరానికి కింద తోడు పెట్టారనుకుంటారు.

ఆరాధన అయ్యాక ప్రవీణ్ నా హెడ్‌ఫోన్స్ అడిగి ఆ చోట రెండుసార్లు విన్నాడు. తర్వాత చుట్టూ చూసి మెల్లగా అడిగాడు.

"అన్నా, గా ఒక్క గొంతు తగ్గించనీకి వస్తదా?"

సభ మైకు వేరే ట్రాక్‌లో ఉంది. ఆ ఒక్క చోట దాన్ని నొక్కేస్తే ఐదు నిమిషాల పని.

"రాదు" అన్నాను.

ఈ వృత్తిలో నేను చెప్పిన రెండో అబద్ధం అది. మొదటిదాన్ని టీచర్ గారు అక్కడికక్కడే పట్టేశారు. దీన్ని ప్రవీణ్ నమ్మాడు. లేదా, నాకు ఇప్పటికీ తేలలేదు, నమ్మినట్టు తలూపి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.